థార్, కచ్, హగరి: కుక్కను వెంటేసుకుని ఏ ఎడారికి వెళ్ళాలి?

జడ్చర్లలో మా విత్తనాల దుకాణం ముందు కూర్చునే నలుగురిలో ఎవరో ఒకరు నెలకోసారైనా అడుగుతారు, "కర్రోణ్ణి రాజస్థాన్ దాకా ఎట్ల తీసుకపోయినవ్ అన్నా?" అని. కర్రోడంటే మా కుక్క. నల్లగా ఉంటాడు, ఊరకుక్కే, 18 కిలోల బరువు, 6 ఏళ్ళ వయసు. మేం బయలుదేరేటప్పుడు మా మేనమామ, "కుక్క తోక పట్టుకొని గోదారి ఈదెటోళ్ళ సంగతి విన్నగానీ, ఎడారి ఈదెటోణ్ణి నిన్నే చూస్తున్న" అని నవ్వాడు. మేం తిరిగొచ్చి ఫోటోలు చూపించాక ఆయనకే ఆశ పుట్టింది. తన పగ్ కుక్కను తీసుకుని వచ్చే డిసెంబరుకు జైసల్మేర్ పోతానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, ఎవరి కుక్కకు ఏ చోటు నప్పుతుందో ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది.

మూడు చోట్లను పోలుస్తాను. ఒకటి జైసల్మేర్ చుట్టూ ఉన్న థార్ ఎడారి. రెండోది గుజరాత్‌లో కచ్ తెల్ల రణ్, అంటే ఉప్పు ఎడారి. మూడోది మనకు దగ్గరలోనే, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో హగరి నది పక్కన పేరుకున్న ఇసుక దిబ్బలు. థార్‌కూ హగరికీ కర్రోడితో వెళ్ళాను. కచ్‌కు వాడు లేకుండా వెళ్ళాను. అదే మంచిదైందని అక్కడ దిగిన అరగంటలోనే అర్థమైంది.

ముందు మీ కుక్క ఎలాంటిదో చూసుకోండి

"పాలమూరు ఎండల్లో పెరిగిన కుక్కకు రాజస్థాన్ ఒక లెక్కా?" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక మే నెలలో కర్రోణ్ణి కాస్త శ్రద్ధగా గమనించాక ఆ మాట మానేశాను. పొద్దున 10 గంటలకల్లా వాడు బోరు మోటరు పక్కకు చేరతాడు. పైపు జాయింటు దగ్గర నీళ్ళు కారి నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ ముందు కాళ్ళతో గుంత తవ్వుకుని, తడి మట్టికి పొట్ట ఆనించి పడుకుంటాడు. ఎండ జరిగితే వాడూ జరుగుతాడు. సాయంత్రం 5 దాకా తిండికి పిలిచినా రాడు. వాణ్ణి పాలమూరు ఎండ నుంచి కాపాడుతున్నది ఆ గుంతే. ఎడారి చూడ్డానికి తీసుకెళ్తే ఆ గుంతా ఉండదు, పడుకునే తీరికా ఉండదు. మన టైముకు లేవాలి, మన టైముకు నడవాలి.

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొద్దిగా పడుతుందంతే. వేడి దింపుకోవాలంటే నాలుక చాపి రొప్పడమే దారి. మామూలుగా కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే మొహం నొక్కుకుపోయి, ముక్కు పొట్టిగా ఉండే పగ్, బుల్‌డాగ్, షిట్జూలకు ఎడారి వద్దంటాను. వాటికి ఊపిరి ఆడడమే మామూలు రోజుల్లో ఒక పని. వాటి విషయంలో థారా, కచ్చా, హగరా అనే ప్రశ్నే లేదు, ఇంటి దగ్గర ఉంచండి. ఏడాది నిండని కూనకూ, 8, 9 ఏళ్ళు దాటి లేవడానికే ఇబ్బంది పడే ముసలి కుక్కకూ ఇదే మాట.

లాబ్రడార్ తట్టుకోగలదు, కానీ దాని అత్యుత్సాహంతోనే చిక్కు. అలసిపోయినా ఆగదు, బంతి విసిరితే పరిగెత్తుతూనే ఉంటుంది. ఆపాల్సింది మీరే. మంచు దేశాల కుక్క హస్కీ విషయంలో "చలికాలం కదా, రాత్రి చలి దానికి నచ్చుతుంది" అనేవాళ్ళున్నారు. రాత్రి నచ్చుతుంది, మధ్యాహ్నం మాటేమిటి? ముధోల్ లాంటి వేట జాతి కుక్కయితే ఎండకు భయం లేదు గానీ మెడకున్న తాడు ఒక్క క్షణం వదిలినా చేతికి దొరకదు. ఆ సంగతి కింద చెప్తాను.

మన ఊరకుక్క? పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, బక్క ఒళ్ళు. ఎడారికి ఇంతకంటే తగిన ఒళ్ళు లేదు. కాకపోతే కారు ఎక్కడం అలవాటు ఉండాలి, కొత్తవాళ్ళను చూసి మీద పడకూడదు. ఈ రెండూ లేని ఊరకుక్క ఇంట్లోనే సుఖంగా ఉంటుంది.

హగరి దిబ్బలు: దీన్ని పరీక్షగా వాడుకోండి

మూడింట్లో ముందు వెళ్ళాల్సింది ఇక్కడికి. జడ్చర్ల నుంచి కర్నూలు, బళ్ళారి మీదుగా ఇంచుమించు 300 కిలోమీటర్లు, అంటే 6 గంటల దారి. వేదవతి నదినే అక్కడ హగరి అంటారు. ఎండిపోయిన నది ఇసుకను ఆషాఢం గాలులు ఏటా ఎత్తుకొచ్చి పొలాల మీద పోస్తుంటే ఈ దిబ్బలు పెరిగాయి. చూసేవాళ్ళకు అందంగానే ఉంటాయి, అక్కడి రైతుకు మాత్రం అవి భూమిని మింగిన దిబ్బలు. టికెట్ కౌంటర్లు, ఒంటెలు, టెంట్లు ఏమీ లేవు. పొలాల పక్కన బండి ఆపి, కనిపించిన రైతును అడిగి వెళ్ళడమే. వేరుశనగ చేలో కుక్కను వదిలితే మాట పడాల్సి వస్తుంది, అది న్యాయం కూడా.

మేం ముందు రోజు సాయంత్రానికి బళ్ళారి చేరి, పొద్దున 6 గంటలకు ఇసుకలో దిగాం. కర్రోడు మొదట ఒక కాలు పెట్టాడు. అది లోపలికి దిగబడగానే వెనక్కి తీసుకుని వాసన చూశాడు. ఆ తర్వాత వాడికి పూనకం వచ్చినట్టు దిబ్బ ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ... 20 నిమిషాలకు కూర్చుని కాళ్ళు నాకడం మొదలుపెట్టాడు. చూస్తే వేళ్ళ సందుల్లో ఇసుక గట్టిగా ఇరుక్కుని, ఒక చోట చర్మం ఎర్రగా కందింది. నీళ్ళతో కడిగి, తుడిచి, కారులో కూర్చోబెట్టాం. ఈ ఒక్క సంగతి ఇంటికి 300 కిలోమీటర్ల దూరంలో తెలిసింది కాబట్టి సరిపోయింది. జైసల్మేర్‌లో మొదటి రోజే తెలిసుంటే మిగతా ట్రిప్పంతా కుంటుకుంటూ గడిచేది. ఆ తర్వాత నుంచి ప్రయాణానికి ముందు వాడి వేళ్ళ మధ్య బొచ్చు కత్తిరించడం, ప్రతి 15 నిమిషాలకు ఆపి పాదాలు తుడవడం అలవాటు చేసుకున్నాం.

కుక్క బూట్లు కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను. అవి తొడిగితే కర్రోడు పెళ్ళి ఊరేగింపు గుర్రంలా కాళ్ళు ఎత్తెత్తి నడిచాడు. రెండు బూట్లు ఆ దిబ్బల్లోనే పోయాయి. బూట్లు వేయాలనుకుంటే నెల ముందే ఇంట్లో అలవాటు చేయండి. లేదంటే వాటి జోలికి పోకుండా, తెల్లారుజామున, సూర్యుడు దిగాక మాత్రమే నడిపించండి. అరచేతి వెనక భాగాన్ని ఇసుక మీద ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే ఆ ఇసుక మీద కుక్కను నడిపించకూడదు. చలికాలంలో కూడా పొద్దెక్కే కొద్దీ ఇసుక గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది.

ఈ దిబ్బల దగ్గర చూడ్డానికి ఒక్క పూటకు మించి ఏమీ లేదు. కానీ మీ కుక్క ఇసుకను ఇష్టపడుతుందా, 6 గంటలు కారులో కూర్చుంటుందా, కొత్త లాడ్జి గదిలో రాత్రి పడుకుంటుందా అన్న మూడు ప్రశ్నలకూ ఒక్క రాత్రితో జవాబు దొరుకుతుంది. ఒక్కటి తప్పినా థార్ ఆలోచన మానుకోవాలనే నా సలహా. వాంతులు చేసుకుంటూ 300 కిలోమీటర్లు వచ్చిన కుక్క 1,800 కిలోమీటర్లు రాలేదు.

కచ్: మీరు వెళ్ళండి, కుక్కను తీసుకెళ్ళకండి

భుజ్ నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు పోతే ధోర్డో ఊరు, దాని అవతల తెల్ల రణ్. వానకాలంలో నీళ్ళు నిలిచి, చలికాలానికి ఆవిరై ఉప్పు పెచ్చుగా మిగులుతుంది. చలికాలమంతా రణ్ ఉత్సవం జరుగుతుంది. సరిహద్దు ప్రాంతం కాబట్టి పర్మిట్ తీసుకోవాలి. వెన్నెల రాత్రి అక్కడ నిలబడితే మాట రాదు, ఆ విషయంలో వాదన లేదు.

కుక్కకు మాత్రం అది పగిలిన గాజు పెంకుల మీద నడకే. ఉప్పు పెచ్చు అంచులు పదునుగా ఉంటాయి. అరికాలికి చిన్న గాటు పడినా అందులోకి ఉప్పు దిగి మంట పుడుతుంది. మంట పుట్టగానే కుక్క చేసే పని నాకడం. నాకిన కొద్దీ ఉప్పు కడుపులోకి పోతుంది, దాహం పెరుగుతుంది, ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, వణుకు. మా చెప్పులకు అంటిన ఉప్పు వదలడానికే రెండుసార్లు కడగాల్సి వచ్చింది. నాలుగు కాళ్ళున్న జీవికి, చెప్పులు లేని జీవికి, ఎన్నిసార్లు కడుగుతాం? పైగా ఉత్సవం రోజుల్లో జనం, మైకులు. కచ్‌లో భుజ్, మాండ్వీ సముద్ర తీరం దాకా అయితే కుక్కతో తిరగొచ్చు గానీ, రణ్ చూడకుండా కచ్ ఎందుకు పోతారు?

థార్: కష్టపడితే దక్కేది ఇక్కడే

జైసల్మేర్‌లో ఏటా పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువు జిల్లా అని పేరుపడ్డ మన మహబూబ్‌నగర్‌లో అంతకు మూడింతలు పడుతుంది. అయినా అక్కడికి పోయాక నాకు పరాయి చోటు అనిపించలేదు. సజ్జ రొట్టె, మజ్జిగ, మేకలు, తుమ్మ చెట్లు. జైసల్మేర్ దగ్గర ఖూరీ అనే ఊళ్ళో మేం దిగిన ఇంట్లో పెద్దావిడ కర్రోడికి సజ్జ రొట్టె తుంచి నెయ్యి రాసి పెట్టింది. జొన్న రొట్టె తిని పెరిగిన వాడు కదా, ఆ మూడు రోజులూ మేం తెచ్చిన ప్యాకెట్ తిండి ముట్టలేదు.

ఇసుక దిబ్బలు చూడ్డానికి జైసల్మేర్ నుంచి రెండు దారులు. పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో సామ్, నైరుతి వైపు ఇంచుమించు అంతే దూరంలో ఖూరీ. సామ్ దిబ్బలు పెద్దవి, పేరున్నవి. జీపులు, ఒంటెలు, వరసగా టెంట్లు, రాత్రి పాటలు, డప్పులు, కొన్ని చోట్ల డీజేలు, టపాసులు. మనుషులకు సరదానే. దీపావళికి మంచం కింద దూరే కుక్క ఉన్నవాళ్ళు మాత్రం సామ్ వైపు చూడొద్దు. మేం మొదటి రాత్రి అక్కడే దిగి తప్పు చేశాం. ఫోన్లో "కుక్క ఉన్నా పర్లేదు" అన్న క్యాంపు వాళ్ళు, తీరా చేరాక జీపుల షెడ్డు పక్కన కట్టేయమన్నారు. చాలాసేపు బతిమాలి టెంటులోకి తెచ్చుకున్నాం. రాత్రి 11 దాకా పాటలు, కర్రోడు నా మోకాళ్ళ మధ్య తల దూర్చి వణుకుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే సామాన్లు సర్దుకుని ఖూరీ వెళ్ళాం. అక్కడ దిబ్బలు చిన్నవి, ఊరు మామూలు ఊరు, రాత్రి 9 తర్వాత కుక్కల మొరుగు తప్ప చప్పుడు లేదు. కుక్క ఉంటే ఖూరీ. ఇందులో నాకు రెండో మాట లేదు. బుక్ చేసేటప్పుడు "కుక్కను తేవచ్చా" అని కాకుండా "రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది" అని అడగండి. అసలు జవాబు దానికే వస్తుంది.

రాత్రి చలి మాట చాలామంది మర్చిపోతారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. పగలు ఎండకు సరిపడే పొట్టి బొచ్చు రాత్రి చలికి సరిపోదు. మేం మన కురుమలు నేసే నల్ల గొంగడి ఒకటి తీసుకెళ్ళాం. ఇసుక దులిపితే రాలిపోతుంది, తడి తొందరగా లోపలికి దిగదు, ఇంటి వాసన ఉంటుంది. దాని మీద చుట్టుకుని పడుకున్నాడు. కొత్త కుక్క పరుపు కొనడం కంటే ఇది మేలు.

ఒంటె సవారీకి కుక్కను పక్కన నడిపించే ఆలోచన పెట్టుకోకండి. ఒంటెను చూసి కుక్క మొరుగుతుంది, ఒంటె ఒక్క తన్ను తంతే చాలు. ఒంటె బండి అయితే వేరు. బండిలో కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు, మేం అలాగే వెళ్ళాం. జీపులో దిబ్బల మీద ఎగరేసే సవారీకి మా అబ్బాయి ఒక్కడే పోయాడు.

ఇసుకలో ఇంకో బాధ ముళ్ళ కాయలు. అక్కడి వాళ్ళు భురట్ అంటారు, ఒక రకం గడ్డి గింజలు. మన చేలల్లో పల్లేరు కాయలు ఎలా గుచ్చుకుంటాయో అవి బొచ్చుకు అలా పట్టుకుంటాయి. కర్రోడి తోకలోంచి ఒక్కొక్కటే తీయడానికి మా ఆవిడకు గంట పట్టింది. పొడుగు బొచ్చు కుక్కయితే కత్తెర పట్టాల్సిందే. పొదల కింద తేళ్ళు, చిన్న పింజరి జాతి పాములు ఉంటాయి కాబట్టి చీకటి పడ్డాక టార్చి లేకుండా కుక్కను పొదల వైపు పోనివ్వకూడదు. చలికాలంలో పాములు తక్కువ కనిపిస్తాయి, లేవని కాదు.

ఇప్పుడు తాడు సంగతి. డెజర్ట్ నేషనల్ పార్క్ 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఈ దిబ్బల చుట్టుపక్కలే పరుచుకుని ఉంది. లోపల సఫారీకి కుక్కను తీసుకెళ్ళే మాటే లేదు. బయట కూడా చింకారా జింకలు తిరుగుతుంటాయి, నేల మీద ఒక్క గుడ్డు పెట్టి పొదిగే బట్టమేక పిట్టలు ఉంటాయి. ఈ పిట్టలు దేశం మొత్తం మీద 150 దాకా మాత్రమే మిగిలాయంటారు, వాటిలో ఎక్కువ జైసల్మేర్ జిల్లాలోనే. మనకు పక్కనే నంద్యాల జిల్లా రోళ్ళపాడులో ఈ పిట్ట కోసమే ఒక అభయారణ్యం పెట్టారు, ఇప్పుడక్కడ అది కనిపించడం గగనమైపోయింది. థార్‌లో గుడ్లకూ చింకారాలకూ పెద్ద శత్రువుల్లో వదిలేసిన కుక్కలు ఒకటి. జంతువులను ప్రాణంగా చూసుకునే బిష్ణోయిల ఊళ్ళలో చింకారాను కుక్క తరిమితే ఊరంతా మీ మీదికి వస్తుంది, తప్పు వాళ్ళది కాదు. కర్రోడు మంచివాడే, కానీ మాగనూరు దగ్గర కృష్ణ జింకల మందను చూసిన రోజు నన్ను పది గజాలు ఈడ్చుకుపోయాడు. ఆ రోజు నుంచి మెడ పట్టీ మానేసి ఛాతీకి కట్టే హార్నెస్, రెండు మీటర్ల గట్టి తాడు వాడుతున్నాను. ముధోల్ ఉన్నవాళ్ళూ, ఈ పేరా మళ్ళీ చదవండి.

కుక్క ఉంటే జైసల్మేర్‌లో సగమే చూడగలరు. కోట 1156లో కట్టింది, ఇప్పటికీ లోపల జనం కాపురం ఉంటున్నారు కాబట్టి సందుల్లో కుక్కతో నడవొచ్చు. ప్యాలెస్ మ్యూజియంలోకి, జైన గుళ్ళలోకి కుక్కతో పోలేరు. మేం ఒకరు లోపలికి, ఒకరు బయట టీ కొట్టు దగ్గర అన్నట్టు వంతులేసుకున్నాం. సందుల్లో ఆవులు, వాటి మధ్య ఆ వీధిని తమదనుకునే కుక్కలు. పొద్దున్నే 7 లోపు వెళ్తే గొడవ లేదు. గడీసర్ చెరువు గట్టు కర్రోడికి బాగా నచ్చింది. మాఘ పౌర్ణమి దగ్గర్లో జరిగే ఎడారి ఉత్సవం రోజుల్లో మాత్రం వెళ్ళకండి.

ఎలా వెళ్ళాలి

మేం కారులో వెళ్ళాం. సంగారెడ్డి, నాందేడ్, అకోలా, ఇండోర్ మీదుగా జోధ్‌పూర్, అక్కడి నుంచి జైసల్మేర్. 1,800 కిలోమీటర్లకు అటూ ఇటూ, నాలుగు రోజులు పట్టింది. కుక్క లేకపోతే మూడు రోజుల్లో పోవచ్చేమో. రెండున్నర గంటలకొకసారి ఆగడం, పొద్దున తక్కువ పెట్టి రాత్రి కడుపునిండా పెట్టడం, వెనక సీటులో హార్నెస్‌ను బెల్టుకు తగిలించడం. ఇంతే రహస్యం. డిక్కీలో వేయొద్దు. ఢాబా దగ్గర ఆపి "పది నిమిషాలే కదా" అని కుక్కను అద్దాలు మూసిన కారులో వదలొద్దు, ఎండలో ఆ పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీలు పెరుగుతుంది.

రైలులో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీ ఒక్కటే దారి. రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ వాళ్ళ పేరు మీదే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుదరదు. అన్ని రైళ్ళకూ ఫస్ట్ ఏసీ బోగీ ఉండదు, అది ముందు చూసుకోండి. కూపే వస్తుందా రాదా అన్నది చార్ట్ తయారైనప్పుడే తేలుతుంది. అందుకే కూపే కావాలని ముందే అర్జీ ఇచ్చుకోవాలి. బయలుదేరే రోజు టీకాల కార్డు, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని రెండు మూడు గంటల ముందే పార్శిల్ ఆఫీసుకు వెళ్ళి కుక్కకు రుసుము కట్టాలి. మా చెల్లెలు వాళ్ళకు రెండు టికెట్లూ నాలుగు బెర్తుల క్యాబిన్‌లో పడ్డాయి. మిగతా ఇద్దరిలో ఒకావిడకు కుక్కంటే ప్రాణభయం. రూలు ప్రకారం తోటివాళ్ళు ఒప్పుకోకపోతే కుక్క గార్డు పెట్టెలోకి పోవాల్సిందే. వాళ్ళు ప్రయాణం మానుకుని ఇంటికొచ్చారు. గార్డు పెట్టెలోని ఇనుప డబ్బాలో ఒకటిన్నర రోజు కుక్కను పంపడం నా దృష్టిలో ప్రయాణం కాదు, శిక్ష.

కూపే దొరికిందంటే మాత్రం కారు కంటే రైలు సుఖం. ఒక్కటే చిక్కు, సిమెంటు ప్లాట్‌ఫారం మీద చాలా కుక్కలు ఒంటికి పోవు. దానికి మా ఆవిడ కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ఒక గోనె సంచికి మా పెరట్లో కర్రోడు రోజూ వెళ్ళే చోటి మట్టి రుద్ది, మడిచి పెట్టుకుంది. కారు ప్రయాణంలో పెట్రోలు బంకుల సిమెంటు మీద అది పరవగానే వాడు వాసన చూసి పని కానిచ్చేవాడు. రైలు వాళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

విమానం: శంషాబాద్ మాకు గంట దారే, అయినా ఆశ పెట్టుకోలేదు. ఇండిగో పెంపుడు కుక్కలను ఎక్కించుకోదు. ఎయిరిండియా, ఆకాసా బరువు పరిమితితో బుట్టలో పట్టే చిన్న కుక్కను క్యాబిన్‌లోకి రానిస్తాయి. 18 కిలోల కర్రోడు అందులో పట్టడు. క్యాబిన్‌లో పట్టే చిన్న కుక్కల్లో సగం ఎడారికి పనికిరాని పొట్టి ముక్కువే.

నీళ్ళు, మందులు

నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో తరాలు నష్టపోయిన జిల్లా అది. రాజస్థాన్ బోరు నీళ్ళలోనూ ఫ్లోరైడ్, ఉప్పదనం రెండూ ఎక్కువే. వారం రోజుల్లో ఫ్లోరైడ్ కుక్కను ఏమీ చేయదు గానీ, నీళ్ళు మారితే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంటి నీళ్ళు రెండు క్యాన్లు తీసుకెళ్ళి, మొదటి రెండు రోజులు సగం అవి, సగం అక్కడివి కలిపి పోశాం. కర్రోడి బరువున్న కుక్కకు మామూలుగా రోజుకు లీటరు చాలు, ఇసుకలో తిరిగే రోజు రెండు లీటర్లు పెట్టుకోండి.

రేబిస్ టీకా, సెవెన్ ఇన్ వన్ టీకా గడువులో ఉండాలి. గోమార్ల మందు బయలుదేరే ముందే వేయించండి. కుక్క రొప్పు ఆగకుండా, చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి, నడక తూలితే అది వడదెబ్బ. నీడకు చేర్చి పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద మామూలు నీళ్ళు పోస్తూ విసరాలి. కాస్త చల్లబడ్డాకే కారు ఏసీలో దవాఖానకు తీసుకెళ్ళాలి. జైసల్మేర్‌లో పశువుల దవాఖాన ఫోన్ నంబరు ముందే రాసుకోండి. 1962 నంబరు మన దగ్గరా రాజస్థాన్‌లోనూ పశువుల అంబులెన్స్‌దే.

ఇంట్లో వదిలి వెళ్ళాలంటే

హైదరాబాద్‌లో కుక్కల హాస్టళ్ళు చాలా ఉన్నాయి. కచ్ వెళ్ళినప్పుడు ఒక చోట కర్రోణ్ణి 8 రోజులు ఉంచాం. ఫోటోలు రోజూ వచ్చాయి, కుక్క మాత్రం చెవుల నిండా గోమార్లతో వచ్చింది. రెండు వారాలకు జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత నుంచి నా లెక్క ఇది. తెలిసిన చుట్టాల ఇల్లు మొదటిది, మీ ఇంటికే వచ్చి చూసే మనిషి రెండోది, హాస్టల్ మూడోది. హాస్టలే అయితే ముందు ఒక్క రాత్రి ఉంచి చూడండి. వేరే కుక్కల టీకా కార్డులు వాళ్ళు అడుగుతున్నారో లేదో కనుక్కోండి. మీ కార్డు అడగని వాళ్ళు ఎవరి కార్డూ అడగరు.

మా మేనమామ చివరికి మాట విన్నాడు. పగ్‌ను మా ఇంట్లో వదిలి, రైలెక్కి జైసల్మేర్ పోయాడు. ఆ పగ్ వచ్చిన రాత్రే కర్రోడి గొంగడి మీద ఎక్కి పడుకుంది. వాడు కాసేపు నిలబడి చూశాడు, తర్వాత గుమ్మం బయటికి పోయి తన గోనె సంచి మీద పడుకున్నాడు. పది రోజులూ అంతే.